హిమ్మత్ ఉంది, హిసాబ్ ఏదీ?



రమజాన్ వెళ్లిపోయింది. వీధి మొగల్లో హలీం బట్టీలు తీసేశారు. ఆ నెల రోజులూ దుకాణం పెట్టిన కుర్రాణ్ణి ఎవరినైనా ఆపి "ఎట్లా అయ్యింది బేటా?" అని అడిగి చూడండి. "అల్లా కా షుకర్, బాగానే అయ్యింది చాచా" అంటాడు. "ఎంత మిగిలింది?" అని అడగండి. నవ్వుతాడు. తల గోక్కుంటాడు. దాచుకోవాలని కాదు. అతనికి నిజంగానే తెలియదు.

ఆ కుర్రాడికి హిమ్మత్ లేదని ఎవరనగలరు? అసర్ నుంచి అర్ధరాత్రి దాటేదాకా బట్టీ ముందు నిలబడ్డాడు. మామూ దగ్గర కొంత, దోస్తుల దగ్గర కొంత తెచ్చి సరమాయా పోగేశాడు. గోష్త్ ధర పెరిగినా, వాన పడి గిరాకీ రాకపోయినా తట్టుకున్నాడు. ముప్పై రోజులు ఇంత చేసినవాడు షవ్వాల్ చంద్రుడు కనిపించాక చేతిలో ఏం మిగిలిందో చెప్పలేకపోతున్నాడు. మనవాళ్ల తిజారత్ గురించి నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

మన మహల్లాల్లో ఈ మధ్య గైడెన్స్ మీటింగులు ఎక్కువయ్యాయి. మంచిదే. మైకు పట్టుకున్న పెద్దమనిషి "నౌకరీ కోసం తిరగకండి, మీరే పది మందికి నౌకరీ ఇవ్వండి, హిమ్మత్ చేయండి" అంటాడు. ముందు వరసలో కూర్చున్నది ఎవరు? పంక్చర్ షాపతని కొడుకు, పళ్ల బండి పెట్టుకునే ఆయన తమ్ముడు, మిషన్ కుట్టే ఆమె బిడ్డ. వాళ్ల ఇళ్లలో మూడు తరాలుగా నౌకరీ మొహం చూసినవాళ్లే లేరు. వాళ్లకు సొంత పని చేసుకోమని చెప్పడమంటే చేపకు ఈత నేర్పడమే.

2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు ఈ సంగతే లెక్కలతో చెప్పింది. అప్పట్లో దేశంలో పనిచేసే ముస్లిముల్లో 61 శాతం మంది సొంత పనుల మీద బతికేవారు. హిందువుల్లో అది 55 శాతం. వీధుల్లో తిరిగి అమ్ముకునేవాళ్లలో కూడా మన మగవాళ్ల వాటా దేశ సగటు కన్నా ఎక్కువే ఉండేది. దుకాణం పెట్టడం మనకు కొత్త కాదు. పెట్టిన దుకాణం పెరగకపోవడమే మన బాధ. తాత పెట్టిన పంక్చర్ షాపు మనవడి చేతికి వచ్చేసరికి టైర్ల షోరూం కావాలి. చాలాచోట్ల అది అదే రేకుల షెడ్డులో, అదే పంపుతో పంక్చర్ షాపుగానే ఉంది.

దీనికి బయటి కారణాలు లేవా అంటే, ఉన్నాయి. బ్యాంకు మేనేజర్ పేరు చూసి, పేట పేరు చూసి ఫైలు పక్కన పెట్టడం ఉంది. మెయిన్ రోడ్డులో షాపు అద్దెకు అడిగితే "ఎవరికో మాటిచ్చాం" అనడం ఉంది. వాటి మీద కొట్లాడాల్సిందే, కొట్లాడుతూనే ఉందాం. అయితే గల్లా పెట్టె తాళం చెవి మన దగ్గరే ఉంది కదా. ఆ పెట్టె లోపల ఏం జరుగుతోందో చూడకుండా ఏ బ్యాంకు మేనేజరూ మనల్ని ఆపలేదు.

ఒక లెక్క వేద్దాం. మీ బస్తీలోనే ఉండే ఒక బిర్యానీ బండి అనుకోండి. రోజుకు 4,000 రూపాయల అమ్మకం. బియ్యం, చికెన్, నూనె, మసాలా, గ్యాసు అన్నీ కలిపి 2,600. సాయంత్రానికి చేతిలో 1,400 ఉంటుంది. మన భాయ్ దాన్నే మునాఫా అనుకుంటాడు. ఇంట్లోవాళ్లూ అలాగే అనుకుంటారు. రోజుకు 1,400 అంటే నెలకు 42,000, గవర్నమెంట్ టీచర్ జీతమంత అని చుట్టాలకూ చెప్పుకుంటారు.

ఇప్పుడు ఒక్కొక్కటీ తీయండి. బండి నిలుపుకునే జాగాకూ, సామాను పెట్టుకునే గదికీ, కరెంటుకూ కలిపి నెలకు 9,000. అంటే రోజుకు 300. మిగిలింది 1,100. ఈయన ఇంకొకరి హోటల్లో వంట చేస్తే రోజుకు 700 ఇస్తారు. అది ఆయన కూలి. మునాఫా కాదు. మిగిలింది 400. బీవీ తెల్లవారుజామున లేచి ఉల్లిగడ్డలు కోసి, మసాలా నూరి, రైతా చేసి పెడుతుంది. ఆ పనికి మనిషిని పెట్టుకుంటే 250 అడుగుతారు. మిగిలింది 150. దేగ్ మట్టి పడుతుంది, పొయ్యి పాడవుతుంది, బండి చక్రం ఊడుతుంది. వాటికి రోజుకు 100 పక్కన పెట్టాలి. చివరికి మిగిలింది 50 రూపాయలు.

ఆ 50 రూపాయలే ఆ వ్యాపారం మునాఫా. మిగతాది మియా బీవీల ఇద్దరి మజూరీ. ఇద్దరిదీ కలిపి ఇంటికి తీసుకోగలిగింది 950. ఆ ఇల్లు రోజుకు 1,400 వస్తోందన్న భరోసాతో ఖర్చు పెడుతుంది. మధ్యలో ఉన్న తేడా ఎక్కడికి పోతుంది? గది అద్దె రెండు నెలలు ఆగుతుంది. దేగ్ చిల్లిపడిన రోజు కొత్తది కొనడానికి డబ్బుండదు. అప్పుడు ఖర్జా మొదలవుతుంది. "దుకాణం బాగానే నడుస్తోంది, కానీ చేతిలో పైసా నిలవట్లేదు, నజర్ తగిలింది" అంటారు. నజర్ హఖ్ అని మన నమ్మకం. కాదనను. కానీ తావీజ్ కోసం వెళ్లేముందు ఒకసారి ఈ తీసివేతలు కూడా చేసి చూడాలి కదా.

ఇక్కడ మన ఇళ్లలో ఒక పాత మాట అడ్డొస్తుంది. "లెక్కపెడితే బరకత్ పోతుంది." నానీలు, దాదీలు చెప్పిన మాట. బియ్యం డబ్బాలోకి తొంగి చూడకు, గల్లా మాటిమాటికీ లెక్కపెట్టకు అంటారు. ఈ మాటకు మూలం లేకపోలేదు. హజ్రత్ ఆయెషా (రజి) దగ్గర కొన్ని బార్లీ గింజలు చాలాకాలం వచ్చాయనీ, ఆమె కొలిచాక అయిపోయాయనీ రివాయత్ ఉంది. అదే బుఖారీ షరీఫ్‌లో, తిజారత్ అధ్యాయంలో, మీ ధాన్యాన్ని కొలుచుకోండి, అందులో మీకు బరకత్ కలుగుతుంది అనే అర్థం వచ్చే హదీసూ ఉంది. ఉలమా ఈ రెండింటినీ ఎలా కలిపి చెప్పారో వినండి. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు కొలవాలి. ఇంట్లో వండి పెట్టేటప్పుడు, ఖైరాత్ చేసేటప్పుడు పట్టి పట్టి కొలవకూడదు. మనం దీన్ని తిరగేశాం. ఫఖీర్‌కు ఇచ్చే చిల్లరను రెండుసార్లు ఎంచుతాం. దుకాణంలో వచ్చినదాన్ని జేబులో కుక్కుకుంటాం.

ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ ఏది? నమాజ్ గురించో, రోజా గురించో అనుకుంటాం. అది సూరా బఖరాలోని 282వ ఆయత్. అప్పు ఇచ్చిపుచ్చుకుంటే గడువు పెట్టి రాసుకోండి, న్యాయంగా రాసే మనిషిని పెట్టుకోండి, గవాహీలను పెట్టుకోండి, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోకండి అని అందులో వివరంగా ఉంది. నూటికి నూరుపాళ్లు హిసాబ్ కితాబ్ గురించిన ఆయత్. ఖతమ్ చేసినప్పుడల్లా దాన్ని చదువుతాం. చదివి, ఆ సాయంత్రమే బావమరిదికి యాభై వేలు కాగితం ముక్క లేకుండా ఇస్తాం. "అపనే ఆద్మీ హై, రాసుకుంటే ఏం బాగుంటుంది?" అంటాం. రెండేళ్లకు ఆ డబ్బూ ఉండదు, ఆ బావమరిదీ ఈద్‌కు ఇంటికి రాడు. రాసుకుని ఉంటే రిష్తా నిలబడేది. రాయడం అనుమానం కాదు. మనుషుల మధ్య అనుమానం రాకుండా అల్లా చూపించిన దారి.

మన ఇళ్లలో ఇంకొక ఖర్జా ఉంది. దాన్ని ఎవరూ ఖర్జా అనరు. దుకాణం పెట్టడానికి బీవీ గాజులు, చంపాసరాలు అమ్మడం. ఆమె నగ ఆమెది. మెహర్‌గా వచ్చిందైనా, మైకే నుంచి తెచ్చుకుందైనా ఆమె సొంతం. ఆమె ఇష్టపడి "తీసుకోండి, ఇక నాకొద్దు" అంటే అది వేరే. అలా అనకుండా తీసుకున్నది ఖర్జే. బ్యాంకు లోను కిస్తీ గుర్తుంటుంది, చీటీ పాట కిస్తీ గుర్తుంటుంది. ఎన్ని తులాల నగ దుకాణంలోకి వెళ్లిందో పదేళ్ల తర్వాత ఆ ఇద్దరిలో ఆమెకొక్కతెకే గుర్తుంటుంది. 282వ ఆయత్‌లో మియా బీవీలకు మినహాయింపు ఎక్కడా లేదు.

బీవీ సంగతి వచ్చింది కాబట్టి హజ్రత్ ఖదీజా (రజి) మాట చెప్పుకోవాలి. తిజారత్ సున్నత్ అని చెప్పే ప్రతి బయాన్‌లోనూ ఆమె పేరు వస్తుంది. ఆమె ఏం చేశారో అంత వివరంగా చెప్పరు. ఆమె సరమాయా పెట్టేవారు, నమ్మకమైనవాళ్లను చూసి సరుకిచ్చి షామ్ దేశానికి పంపేవారు. మన ప్రవక్త (స) కూడా నబువ్వత్‌కు ముందు ఆమె సరుకు తీసుకుని అలాగే వెళ్లారు. తిరిగొచ్చాక ఆ సఫర్‌లో ఏం అమ్మారో, ఏం కొన్నారో, ఎంత మిగిలిందో ఆమెకు తెలిసింది. అమానత్ అంటే అదే. లెక్క తెలియనివాడు ఎంత మంచివాడైనా అమానత్‌ను తిరిగి అప్పజెప్పలేడు. ఎంత అప్పజెప్పాలో అతనికే తెలియదు కదా.

ఒకరి సొమ్ము, ఇంకొకరి కష్టం కలిస్తే ముదారబా. మునాఫా వస్తే ముందు అనుకున్న వంతు ప్రకారం పంచుకుంటారు. నుక్సాన్ వస్తే సొమ్ము పెట్టినవాడికి సొమ్ము పోతుంది, పనిచేసినవాడికి పని పోతుంది. ఇంత శుభ్రమైన పద్ధతి మన చేతిలో ఉంది. దాని పేరు చెప్పి మనల్ని మోసం చేయడం ఎంత తేలికైపోయిందో కూడా చూశాం. 2019లో బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ కుప్పకూలింది. హలాల్ మునాఫా అన్న మాట నమ్మి వేలాదిమంది, ఎక్కువగా మనవాళ్లే, బిడ్డల షాదీకి దాచినవీ, గల్ఫ్‌లో సంపాదించినవీ తీసుకెళ్లి పోశారు. మన తెలుగు ఊళ్లలోనూ ఇలాంటి పేర్లకు సొమ్ము కట్టి ఏడ్చినవాళ్లున్నారు. ఆ రోజుల్లో "నెలనెలా వస్తోంది" అన్నవాళ్లే తప్ప "ఏం వ్యాపారం చేసి ఇస్తున్నారు? హిసాబ్ చూపించండి" అని అడిగినవాళ్లు ఎంతమంది? ప్రతి నెలా తప్పకుండా ఇంత ఇస్తానని ముందే మాటిచ్చినవాడు చేసేది ముదారబా కాదు. ఈ ఒక్క ముక్క తెలిసున్నా చాలా ఇళ్లు మిగిలేవి. సొంత గల్లా లెక్క అడగని అలవాటే పక్కవాడి గల్లా లెక్క కూడా అడగనీయలేదు.

సూద్ గురించి నేను ఫత్వా ఇవ్వను. అది ముఫ్తీ సాబ్‌ల పని. కానీ కళ్లముందు జరిగేది చెప్పాలి. "బ్యాంకు లోను సూద్, మాకొద్దు" అన్న భాయే గిరిగిరి ఫైనాన్స్ అతనికి రోజూ 100 కడుతుంటాడు. 10,000 అని రాసుకుని చేతికి 9,000 ఇస్తారు, వంద రోజులు వందేసి కట్టాలి. పోయింది వెయ్యే కదా అనిపిస్తుంది. అసలు మొదటి రోజు నుంచే తీరుతూ వస్తుంది కాబట్టి ఏడాదికి లెక్కగడితే వడ్డీ నూటికి 75 దాటుతుంది. సూద్‌కు భయపడినవాడు సూద్‌లోకెల్లా పెద్ద సూద్‌లో పడ్డాడు. దానికి వడ్డీ అన్న పేరు లేదు కాబట్టి కనిపించలేదు. బయటపడే దారి కూడా హిసాబ్‌లోనే ఉంది. బైతుల్ మాల్ కమిటీ ఖర్జ్ ఎ హసనా ఇవ్వాలన్నా, దోస్త్ షిర్కత్‌కు రావాలన్నా, 2015 నుంచి ఉన్న ముద్రా లోను తీసుకోవాలా వద్దా అని మీరు మీ ఆలిమ్‌ను అడగాలన్నా, ముందు "నా దుకాణంలో ఇంత వస్తోంది, ఇంత పోతోంది, నాకు ఇంత తక్కువ పడుతోంది" అని చెప్పగలగాలి. ఉద్యం రిజిస్ట్రేషన్‌కు పైసా ఫీజు లేదు. అందులోనూ పెట్టుబడి ఎంత, అమ్మకం ఎంత అనే అడుగుతారు.

ఇంకో ప్రశ్న. హిసాబ్ లేని దుకాణం జకాత్ ఎలా తీస్తుంది? అమ్మడానికి పెట్టిన సరుకు విలువ, చేతిలో నఖద్, రావాల్సిన ఉధార్ కలిపి, కట్టాల్సిన అప్పు తీసేసి, నిసాబ్ దాటితే రెండున్నర శాతం. ఇది అందాజాతో అయ్యే పనేనా? రమజాన్‌లో ఒక గుప్పెడు నోట్లు తీసి "ఇంత చాలు" అనుకోవడం జకాత్ అవుతుందా? యౌముల్ హిసాబ్ ఉందని ఈమాన్ పెట్టుకున్న ఉమ్మత్ మనది. ఏడాదికొకసారి దుకాణంలో సరుకు లెక్క తీయడానికి బద్ధకిస్తోంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక సహాబీ సంగతి. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అంతా మక్కాలో వదిలేసి మదీనా వచ్చారు. ఆయనకు భాయ్‌గా జతపడిన అన్సారీ తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దువా ఇచ్చి, బజార్ ఎక్కడో చూపించమన్నారు. బయాన్‌లలో ఇక్కడికి వచ్చి ఆపేస్తారు, మనం సుబ్‌హానల్లా అంటాం. తర్వాతి భాగం చూడండి. ఆయన మొదలుపెట్టింది ఎండబెట్టిన పెరుగు గడ్డలతో, నెయ్యితో. రోజూ జనం కొనే సరుకు. రోజూ బజారుకు వెళ్లారు. కొన్నాళ్లకు ఖర్జూర గింజ ఎత్తు బంగారం మెహర్ ఇచ్చి నికాహ్ చేసుకున్నారు. తెలియని ఊళ్లో ముందు బజారు తెలుసుకున్నారు. సరుకు చిన్నదే ఎంచుకున్నారు. ఖర్చు చేతికి వచ్చిన తర్వాతే చేశారు.

మనవాడు పన్నెండేళ్లు గల్ఫ్‌లో ఎండలో నిలబడి వస్తాడు. వచ్చీరాగానే మెయిన్ రోడ్డులో అద్దాల షాపు, ఏసీ, లైట్లు, ఓపెనింగ్‌కు దావత్. ఆ బజార్‌లో ఏ సరుకు ఏ రోజు కదులుతుందో తెలియదు. బేగం బజార్ హోల్‌సేలర్ ఎవరికి ఎన్ని రోజుల గడువిస్తాడో తెలియదు. కొడుకును అదే లైనులో ఇంకొకరి దుకాణంలో ఆరు నెలలు కూర్చోబెడితే ఇవన్నీ జీతం ఇచ్చి మరీ నేర్పుతారు. "మేము అంత సంపాదించుకుని వచ్చి, మా వాడు వేరేవాడి దుకాణంలో పనిచేయాలా?" అన్న ఇజ్జత్ అడ్డొస్తుంది. ఆ ఇజ్జత్ ఖరీదు పన్నెండేళ్ల చెమట.

నుక్సాన్ కూడా హిసాబ్‌లో భాగమే. దుకాణం తెరిచే ముందే "ఇంతవరకూ పోయినా తట్టుకుంటాను, అంతకు మించితే ఆపేస్తాను" అని ఒక అంకె రాసుకోవాలి. అది పిరికితనం అనుకునేవాళ్లు ఉంటారు. అంకె లేనివాడు ఎక్కడ ఆగుతాడు? ఇల్లు అమ్మాక ఆగుతాడు. మూతపడ్డాక "కిస్మత్‌లో లేదు" అంటాం. తఖ్దీర్ మీద నమ్మకం ఉండాల్సిందే. ఎందుకు మూతపడిందో తెలుసుకోకుండా ఉండటానికి తఖ్దీర్‌ను అడ్డు పెట్టుకోకూడదు. అద్దె ఎక్కువైందా, ఉధార్ ఎక్కువ పోయిందా, జాగా తప్పా అన్నది రాతలో ఉంటే రెండోసారి అదే గుంతలో పడడు.

ఇక అమ్మీ అబ్బాలతో ఒక మాట. దుకాణం మూసిన కొడుకుతో దస్తర్‌ఖాన్ దగ్గర "చెప్పానా, నౌకరీ చూసుకోమన్నానా" అనకండి. రిష్తా వచ్చినప్పుడు "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగి, దుకాణం అనగానే మొహం చిన్నబుచ్చుకోకండి. ఆ దుకాణానికి లెక్క రాసే అలవాటుందా, ఇంటి ఖర్చు వేరు, దుకాణం ఖర్చు వేరు అన్న తమీజ్ అబ్బాయికి ఉందా అని అడగండి. జీతం ఎంత అన్న ప్రశ్న కన్నా అది మంచి ప్రశ్న.

నేను చెప్పే ఇలాజ్ చాలా సస్తా. ఒక నోట్‌బుక్ కొనండి. వచ్చింది, పోయింది, ఇంటికి తీసుకున్నది, మూడు గీతలు గీయండి. రోజూ ఇషా తర్వాత ఐదు నిమిషాలు కూర్చుని రాయండి. ఉర్దూలో రాయండి, తెలుగులో రాయండి, రెండూ కలిపి రాయండి. అంకెలకు జబాన్ లేదు. ఒక చిల్లా, నలభై రోజులు, ఒక్క రోజు కూడా వదలకుండా రాసి చూడండి. మీ దుకాణం మీకు తెలియని సంగతులు చెబుతుంది. రోజూ మీ జేబులోకి ఒక కూలి అంకె వేసుకోండి, గల్లాలో మిగిలిందాన్ని ముట్టకండి.

రాయడం రాదంటారా? ఇంటర్, డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న బేటీ ఉంది కదా. ఆమెకు అప్పజెప్పండి. ఆ పనికి నెలకు ఎంతో కొంత జీతం పెట్టండి. ఆ జీతం కూడా అదే నోట్‌బుక్‌లో, పోయిన గీత కింద రాయించండి.